కుక్క కరచిన పిమ్మట

మన పల్లెలలో కుక్క యొక యింటిదే యైనను వీధి కంతటికిని చెందినదిగా నుండెడిది. పగటివేళ రచ్చచెట్టు నీడను పండుకొని, రాత్రివేళ నాలుగిండ్లకు కావలి కాచి, ఎవ్వరు రెండు కబళములు పెట్టినను వారి వెంట తోక యాడించుచు పోయెడిది. అది యెన్నడైన నొకరిని కరచినచో పెద్దమనుష్యులు నలుగురు కూడి, తప్పు కుక్కదో, దానిని కఱ్ఱతో పొడిచిన పిల్లవానిదో విచారించి, మందుల కర్చు యజమానిచే నిప్పించి వ్యవహారము ముగించెడివారు. దానికై ఠాణామెట్లెక్కుట యెవ్వరికిని తోచెడిది కాదు.

మేమిప్పుడు నివసించుచున్న చోట రచ్చచెట్టు లేదు. హైదరాబాదు నగరమునకు పడమట, మాధాపురములో, 1998 వ సంవత్సరము నవంబరు 22 వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్స్ అను మేడను ప్రారంభించిరి. అంతకు పూర్వ మీ ప్రాంతమును చూచిన వారిని అడిగినచో బండరాళ్లను గూర్చియే చెప్పుదురు. పాతికయేండ్లు దాటునప్పటికి మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ, మణికొండ యన్నియు నొకదానినొకటి యొరసికొని ఆకాశమున కెగసినవి. ఉద్యోగార్థమై నాలుగు దిక్కులనుండి వచ్చిన దంపతులు, వారి వెంట వచ్చిన వృద్ధులైన తలిదండ్రులు, వారి పిల్లలు, ఆ పిల్లలకు తోడుగా పెంచుకొనిన కుక్కలు, వీరందరికిని వండి వార్చి గిన్నెలు కడుగ వచ్చు స్త్రీలు, గడియగడియకును సామానులు మోసికొని వచ్చు యువకులు - ఇంతమందియు దినమునకు పలుమారులు నాలుగడుగుల లిఫ్టులో నొకరినొకరు తాకుచు ఎక్కి దిగవలసినవారే. కుక్క కరచుట కింతకంటె ననువైన స్థలము వేరొండు లేదు.

మా సముదాయములో పదునొకండవ యంతస్తున నొక కుటుంబము కలదు. ఆలుమగ లిద్దరును సాఫ్టువేరు కంపెనీలలో నుద్యోగులు; ఆమెకు రాత్రిపూట పని. అత్తగారు తెనాలి ప్రాంతమువారు, డెబ్బదియేండ్లు దాటినవారు. వారికి మోతీ యను నారేండ్ల నాటుకుక్క కలదు. వానకు తడిసి గేటుకడ మూలుగుచున్న పసికూనను ఇంటి పిల్లవాడు చంకనిడుకొని తెచ్చినాడట. గత సంవత్సరము శ్రావణమాసములో నొకనాటి సాయంకాల మా పిల్లవాడే మోతీని గొలుసుతో క్రిందికి దించుచుండగా లిఫ్టు తలుపు తెరచుకొనెను. ఎదుట నొక స్త్రీ రెండు చేతులను సంచులతో నిలిచియుండెను. కుక్క బెదరి ముందునకు దూకెను; పదునొకండేండ్ల చేతినుండి గొలుసు జారెను; ఆమె పిక్కలో పండ్లు దిగబడెను.

ఆమె మా యింటను మరి మూడిండ్లలోను వంట చేయునది. పాలమూరు జిల్లానుండి వచ్చి, దాపుననే యొక బస్తీలో గది యద్దెకు తీసికొని ఇద్దరు బిడ్డలను చదివించుకొనుచున్నది. ఆ కేక విని మేము పోవునప్పటికి ఆమె మెట్లమీద కూర్చుండి, గాయముపై కారము పెట్టుటకై యెవరి యింటనో మిరపపొడి యడుగుచుండెను. ఆ పని చేయనీయక కుళాయి క్రింద కాలుంచి సబ్బుతో పదునైదు నిమిషములు కడిగించితిమి. కుక్కకాటున కిదియే మొట్టమొదటి చికిత్స. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి - వీనిలో దేనిని పెట్టినను గాయము చెడును గాని విషము పోదు. పిమ్మట ఆమెను నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు గొనిపోయితిమి. చర్మము చీలి నెత్తురు వచ్చినది గనుక మూడవ తరగతి కాటని చెప్పి, టీకాతోపాటు గాయము చుట్టును ఇమ్యూనోగ్లోబులిన్ అను మందును కూడ నెక్కించిరి. మన చిన్ననాటి కథలలోని బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు నేడు లేవు. ఇప్పుడు టీకా చేతికే వేయుదురు. వైద్యుడు చెప్పిన దినములలో నొకటియు తప్పక పోవుటయే ముఖ్యము. రేబిస్ వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట మిక్కిలి యరుదు.

మరునాటి యుదయమున సంఘమువా రెవ్వరో ఫోను చేయగా ఇద్దరు పోలీసులును, మరి యిద్దరు మనుష్యులును ఒక బండితో వచ్చిరి. కోడలు రాత్రిపనినుండి యింకను రాలేదు; కుమారుడు బెంగుళూరు వెళ్లియుండెను. ఇంటిలో నున్నది అత్తగా రొక్కరే. వచ్చినవారు వల వేసి కుక్కను పట్టి బండి కెక్కించిరి. కాగిత మొకటియు చూపలేదు, ఇయ్యలేదు. ఎక్కడికని యామె యడుగగా 'పై ఆర్డరు' అను రెండు మాటలే ప్రత్యుత్తరమాయెను. ఆ ఠాణా యేదియో, ఆ మనుష్యు లెవ్వరో మేమిచ్చట వ్రాయము. అట్టి దెచ్చటనైన జరుగవచ్చును.

ఆ దినమంతయు తిరుగుటయే. ఠాణావారు పురపాలకుల పశువైద్యశాఖ నడుగుమనిరి. ఆ శాఖవారు ఠాణా నడుగుమనిరి. సంఘమువారు ఫోను చేయుటవరకే తమ పని యనిరి. కోడలు మా యింటికి వచ్చి కోపముతో వణకుచు కూర్చుండెను. అత్తగారు మాత్రము మా చేయి పట్టుకొని, "నేను కలిపి పెడితేగాని వాడు పెరుగన్నం ముట్టడమ్మాయీ. రెండు పూటలై ఏమీ తిని ఉండడు. చంపేస్తారా ఏమిటి? అదొక్కటి కనుక్కో" అనిరి.

ధర్మరాజు వెంట స్వర్గద్వారమువరకు నడచిన కుక్కను మనవారెల్లరు తలంతురు గాని, భారతకథ యారంభముననే వచ్చు సరమను తలచువా రరుదు. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్ల నా రాజు తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయెను. తల్లియైన సరమ తిన్నగా రాజునొద్దకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమి, ఏల కొట్టించితివని నిలదీసెను. సభలో నెవ్వరును బదులు చెప్పలేకపోయిరి. మోతీ సంగతి సరమకొడుకు సంగతివంటిది కాదు. మోతీ కరచినది నిజము. అయినను తప్పు చేసినవానికే గదా విచారణ యవసరము! అత్తగారి ప్రశ్నతో మేమొక స్త్రీ న్యాయవాదికడకు పోయితిమి. ఆమె చెప్పినదానిని, పిమ్మట చట్టములను మేము స్వయముగా చదివి తెలిసికొనిన దానిని ఇచ్చట విన్నవించెదము.

కరచిన పెంపుడుకుక్కను పోలీసువారు గొనిపోవుటను గూర్చి దేశమంతటికిని వర్తించునట్టి ప్రత్యేక చట్టము మనకు లేదు. సామాన్య చట్టములే దిక్కు. వాని దృష్టిలో కుక్క యజమానియొక్క చరాస్తి. బల్ల యెట్టిదో, బండి యెట్టిదో కుక్కయు నట్టిదే. ఈ మాట చెప్పగనే అత్తగారికి కోపము వచ్చి, "బల్ల పెరుగన్నం తింటుందా?" అనిరి. ఆమె మాట న్యాయమే. కాని ఆ నిర్జీవపు మాటయే యా యింటివారికి రక్షణయైనది. చట్టముయొక్క యధికారము లేక యెవ్వరి యాస్తినైనను హరింపరాదని రాజ్యాంగములోని 300-ఎ అధికరణము శాసించుచున్నది గదా.

2024 జూలై 1 వ తేదీనుండి పాత శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయసంహితయు, పాత క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులు భారతీయ నాగరిక సురక్షా సంహితయు అమలులోనికి వచ్చినవి. న్యాయసంహితలోని 291 వ సెక్షను ప్రకారము, తన స్వాధీనములోని జంతువువలన మనుష్యుల ప్రాణమునకుగాని, తీవ్రమైన గాయమునకుగాని అవకాశమున్నదని యెరిగియు, లేక అజాగ్రత్తచేతను, తగిన కట్టుబాటు చేయనివాడు నేరస్థుడు. శిక్ష ఆరు నెలలవరకు ఖైదు, లేక 5,000 రూపాయలవరకు జరిమానా, లేక రెండును. పాత చట్టములో నిది 289 వ సెక్షను. జరిమానా 1,000 రూపాయలకు మించకుండెడిది. పరుల దేహమునకు హాని కలుగునంత నిర్లక్ష్యముగా ప్రవర్తించినవారికి వర్తించు 125 వ సెక్షనును కూడ కొన్ని కేసులలో చేర్చుదురు. రెండును జామీను దొరకు నేరములే. ఈ మాట ముందుగా తెలిసియున్నచో సగము భయము తీరును. పోలీసు లింటికి వచ్చిరనగానే జైలు తలచుకొని మంచము పట్టు తల్లులు మనలో నెందరో కలరు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. శిక్ష నిర్లక్ష్యము చేసిన మనుష్యునికి విధింపబడినది. కుక్కకు శిక్ష యేదియు నా సెక్షనులో వ్రాయబడలేదు. మరి కుక్కను గొనిపోవు నధికార మెచ్చటనుండి వచ్చును? సురక్షాసంహితలోని 106 వ సెక్షనునుండి. నేరము జరిగినదని యనుమానమునకు తావిచ్చు పరిస్థితులలో కనబడిన యాస్తిని పోలీసు అధికారి స్వాధీనపరచుకొనవచ్చునని యందు కలదు. ఆ యధికారమునకు వెంటనే కళ్లెములును వేయబడినవి. స్వాధీనపరచుకొనిన సంగతిని తడవు చేయక మేజిస్ట్రేటునకు తెలియజేయవలయును. పట్టుకొనిన వస్తువుల పట్టిక వ్రాసి, సాక్షులచే చేవ్రాలు చేయించి, ఆ కార్యక్రమమంతయు దృశ్యశ్రవణరూపమున, సాధ్యమైనంతవరకు సెల్‌ఫోనుతోనే, నమోదు చేయవలయునని 105 వ సెక్షను చెప్పుచున్నది. కావున వాకిటికి వచ్చినవారిని యిల్లాలు నెమ్మదిగా నడుగదగిన ప్రశ్నలు కలవు: ఏ సెక్షను క్రింద గొనిపోవుచున్నారు, కేసు నెంబరేమి, పట్టికలో నాకొక ప్రతి యిత్తురా, కుక్క నెచ్చట నుంతురు? ప్రశ్నించుట యడ్డగించుట కాదు. గొలుసు పట్టుకొని పెనుగులాడుట మాత్రము కూడదు. దానివలన వేరొక కేసు పుట్టును, కుక్కయు మరింత బెదరి మరొకరిని కరచును.

106 వ సెక్షనులో మరియొక యుపాయము కలదు. దీనిని చాలమంది యెరుగరు. ఆస్తిని న్యాయస్థానమునకు మోసికొనిపోవుట కష్టమైనను, దాని నుంచుటకు తగిన చోటు దొరకుట కష్టమైనను, దర్యాప్తున కిక దాని యవసరము లేకున్నను, అడిగినప్పుడు హాజరుపరచెదనను పూచీపత్రము వ్రాయించుకొని పోలీసు అధికారియే దానిని ఒకరి స్వాధీనమున నుంచవచ్చును. ఠాణాలో కుక్కను కట్టివేయుటకు చోటెక్కడిది? అన్నము పెట్టువా రెవరు? పై మూడు కారణములును కుక్క విషయమున నున్నట్టు మరి దేని విషయమునను ఉండవు. ఠాణావా రందుల కొప్పుకొననిచో మేజిస్ట్రేటునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వస్తువు న్యాయస్థానము ముందుంచబడినచో 497 వ సెక్షను. ఇంకను ఉంచబడకున్నచో 503 వ సెక్షను. పాత కోడులో నివియే 451, 457 సెక్షనులు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయి కేసులో 2002 అక్టోబరు 1 వ తేదీన సుప్రీంకోర్టువారు, పట్టుకొనిన వస్తువులను ఠాణాలలో దీర్ఘకాలముంచరాదనియు, పదునైదు దినములు మొదలొక నెలవరకు మించనీయరాదనియు చెప్పిరి. ఆ మాటలు బంగారము, రూకలు, బండ్ల విషయమున చెప్పినవి. ఠాణా యావరణలో త్రుప్పుపట్టు బండికే యంత దయ చూపినప్పుడు ప్రాణమున్న దానికి చూపరా యని మా న్యాయవాది వాదన.

ఇక అత్తగారి ప్రశ్న. చంపుదురా? పోలీసువారుగాని పురపాలకులుగాని కరచినదను నొక్క కారణమున పెంపుడుకుక్కను తమంత తాము చంపింపరాదు. అపాయకరమైన జంతువును చంపుటకో, బంధించుటకో, మరియొక విధముగా తొలగించుటకో ఉత్తరువిచ్చు నధికారము 152 వ సెక్షను క్రింద ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటునకు కలదు. అదియును మొదట షరతులతో కూడిన యుత్తరువే. యజమాని వచ్చి, అట్లు చేయరాదని కారణములు చెప్పుకొనుట కవకాశ మీయవలసినదే. దురుద్దేశముతో నితరుల జంతువును చంపుట, కుంటిచేయుట, విషము పెట్టుట 325 వ సెక్షను క్రింద అయిదేండ్లవరకు శిక్షార్హము. సముదాయములలో 'మేమే దానిపని పట్టెదము' అనువారికీ సెక్షను వినిపించుట మంచిది. జంతుహింసను మాన్పు 1960 నాటి చట్టము వేరుగా నుండనే యున్నది. ఆ చట్టమునకై రాజ్యసభలో పాటుపడినవారు నాట్యకళామణి రుక్మిణీదేవి అరండేల్‌గారు. 1962 లో నేర్పడిన జంతుసంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలును వారే. ఒక స్త్రీ పట్టుదలవలన వచ్చిన చట్టమని చెప్పగా మా కోడలికి కొంత ధైర్యము కలిగినది.

కుక్కను బ్రతికించి యుంచుటలో కరవబడినవారి మేలును కలదు. కరచిననాటికి కుక్క లాలాజలములో రేబిస్ విషమున్నచో సాధారణముగా పది దినములలోపల దానికి జబ్బు బయటపడును, చచ్చును. పది దినములు గడచి యది కులాసాగా నున్నచో ఆ కాటువలన రేబిస్ భయము లేదు. తొందరపడి చంపినచో ఆ పరీక్ష పోవును. పది దినములకై టీకాను మాత్ర మాపరాదు. టీకా యొకవైపు, పరిశీలన యొకవైపు సాగవలయును. రేబిస్ సోకినదని గట్టి యనుమానమున్న కుక్కను వీథికుక్కల విషయమై 2023 మార్చిలో వచ్చిన సంతతినియంత్రణ నియమములు కూడ ఏకాంతముగా నుంచుమనియే చెప్పుచున్నవి. అట్టి సందేహమున్నప్పుడు మాత్రము నా కుక్కను నా కిండని పట్టుపట్టు హక్కు యజమానికి లేదు, ఉండగూడదు కూడను.

మోతీ కథ మిగిలినది చెప్పెదము. టీకాల పుస్తకము, పురపాలకుల నమోదు పత్రము, ఆరేండ్ల ఫోటోలు జతపరచి దరఖాస్తు పెట్టిరి. దరఖాస్తు పడిన తరువాతనే కుక్క యెచ్చట నున్నదియు తెలిసినది. పశువైద్యుని పదిదినముల పరిశీలన ముగిసిన పిమ్మట పూచీపత్రముపై దానిని విడిపించిరి. పిలిచినప్పుడు తేవలయును, మెట్లు, లిఫ్టు, తోట యెచ్చటనైనను పెద్దవారే గొలుసు పట్టవలయును, మూతికి చిక్కము వేయవలయును. కుక్క చిక్కిపోయి, ఒక చెవి గీరుకొనిపోయి వచ్చినది. కోడలిపై కేసు మాత్రము నడచుచునే యున్నది, అది న్యాయమే. పదునొకండేండ్ల బాలునికి ఇరువది కిలోల కుక్క నప్పగించుట యజాగ్రత్త కాదని మేమెట్లు చెప్పగలము?

వంట చేయునామెను చూడ మేము వెళ్లినప్పుడు ఆమె చెప్పిన మాట మాకింకను వినబడుచున్నది. "కుక్కమీద నాకేం పగ లేదమ్మా. నాలుగిండ్లల్ల పనికి పోకుంటే పైసలు కోస్తరు, గది కిరాయి ఎట్ల కట్టాలె?" కుక్క యెక్కడనని వంద ఫోనులు పోయిన యా మూడు దినములలో ఈ ప్రశ్న యడిగినవా రొక్కరును లేకపోయిరి. మందుల కర్చును, పని తప్పిన దినముల కూలిని ఆ యింటివారు లెక్కకట్టి యిచ్చిరి. ఇచ్చునప్పుడు కేసు వెనుకకు తీసికొమ్మన్న మాట నోట రానీయవద్దని న్యాయవాది కఠినముగా చెప్పిరి. పరిహార మిచ్చుట వేరు, సాక్షి నోరు నొక్కుట వేరు. తక్కిన మూడిండ్లలో రెండిండ్లవారు మాత్రము కూలి కోయనే కోసిరి. వారిలో నొకరు మేడమీద వీథికుక్కలకు దినదినమును అన్నము పెట్టు దయామయురాలు!

ఇట్టివి చూచియే గాబోలు కుక్కల పేరెత్తగనే మన నగరములో జనులు రెండు చీలికలగుచున్నారు. జనులు భయపడుటకు కారణములు లేకపోలేదు. 2023 జనవరిలో బంజారాహిల్సులో ఆహారము తెచ్చిన యొక యువకుడు మీదికి వచ్చిన పెంపుడుకుక్కను చూచి పరుగెత్తి, మూడవ యంతస్తునుండి పడి, తరువాత ప్రాణములు కోలుపోయెను. ఆ యేడు ఫిబ్రవరిలో అంబరుపేటలో నాలుగేండ్ల పసివానిని వీథికుక్కలు చంపినవి. హైకోర్టువారు తమంత తామే యా విషయమును విచారణకు తీసికొనిరి. ఆ మేనెలలో మా పొరుగుననే, మణికొండలో, సామాను తెచ్చిన మరియొక యువకుడు కుక్కకు జడిసి మూడవ యంతస్తునుండి దూకి గాయపడెను; రాయదుర్గము పోలీసులు యజమానిపై కేసు పెట్టిరి. ఈ రెండు సంఘటనలలోను కుక్క యొక్క పన్నైనను దిగవలసిన యవసరము లేకపోయినదని గమనింపుడు. తలుపు తెరచుటకు ముందు కుక్కను గదిలో నుంచి గడియ వేయుట యెంత పని?

భయము చట్టమైనచో నేమగునో ఇంగ్లండు దేశము చూపినది. అచ్చట 1991 లో అపాయకరమైన కుక్కల చట్ట మొకటి తెచ్చిరి. మరుసటి యేడు లండనులో డెంప్సీ యను నొక ఆడుకుక్కకు వాంతివచ్చునట్లుండగా, దానిని త్రిప్పుచున్న మనుష్యుడు చిక్కము విప్పెను. అది యెవ్వరిని కరువలేదు. చిక్కము లేక కనబడినదే నేరమై, మరణశిక్ష విధింపబడినది. యజమానురాలు మూడేండ్లు పోరాడి 1995 లో దానిని దక్కించుకొనెను. 1997 లో చట్టమును సవరించి, చంపించుటయా మానుటయా యను నిర్ణయమును కొంతవరకు న్యాయాధిపతుల కిచ్చిరి. మన దేశమునను 2024 మార్చి 12 వ తేదీన కేంద్రప్రభుత్వమువారు ఇరువదిమూడు జాతుల కుక్కల దిగుమతి, అమ్మకము, పెంపకము నిషేధింపుమని రాష్ట్రములకు వ్రాసిరి. తగినవారి నెవ్వరిని సంప్రతింపలేదను కారణముతో కర్ణాటక హైకోర్టువా రేప్రిల్ నెలలోనే దానిని కొట్టివేసిరి. జాతిని బట్టి కుక్క గుణము నిర్ణయించుట మాకును సమ్మతము కాదు. మోతీ యే పట్టికలోను లేని నాటుకుక్క గదా!

సముదాయసంఘములవారు కుక్కలను పెంచరాదని తీర్మానములు చేయుచుందురు. అట్టి తీర్మానమునకు బలము లేదనియు, లిఫ్టు వాడవద్దని యజమానులను నిర్బంధింపరాదనియు జంతుసంక్షేమ మండలివారు 2015 లోనే సూచనలిచ్చిరి. దానిని చూపి 'మాకు హక్కున్నది' అనువారు, ఇతరులు భయపడకుండ లిఫ్టెక్కు హక్కును మరతురు. మేము మా యంతస్తులో నొక పద్ధతి పెట్టుకొంటిమి: కుక్కతో నున్నవారు లిఫ్టులో నిదివరకే మనుష్యులున్నచో ఎక్కక, తరువాతిదానికై నిలుతురు. కుక్కలు స్వేచ్ఛగా పరుగిడుటకు కొండాపురములో పురపాలకులు 2018 లో ప్రత్యేకముగా నొక తోట నేర్పరచిరి. దినమంతయు గదిలో నిరికిన కుక్కయే కదా లిఫ్టు తలుపు తెరువగానే దూకునది!

ఇక కాగితముల మాట. పురపాలకుల యొద్ద కుక్కను నమోదు చేయించుట తప్పనిసరి. ఏటేట రేబిస్ టీకా వేయించి, పుస్తకములో పశువైద్యుని ముద్ర పడినదో లేదో చూచుకొనవలయును. దూరముననుండి గుర్తింపదగిన ఫోటో యొకటి, మచ్చలు కనబడు ఫోటో యొకటి యుంచుకొనుడు. పది నాటుకుక్కల నడుమ మీది యేదియో చూపుట కవి యుపయోగపడును. కేసు పెట్టబడినచో ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని నిందితులును పొందవచ్చును. 2016 లో సుప్రీంకోర్టువారు, కొన్ని రహస్యమైన కేసులు తప్ప తక్కినవానిని ఇరువదినాలుగు గంటలలో పోలీసువారి వెబ్‌సైటులో నుంచవలయునని యాజ్ఞాపించిరి.

ఇల్లాండ్రు ప్రత్యేకముగా తెలిసికొనవలసినవి రెండు కలవు. సాక్ష్యము చెప్పుటకై పోలీసువారు స్త్రీని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె నివసించు చోటికే వారు రావలయును. ఇది సురక్షాసంహిత 179 వ సెక్షను. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయమువరకు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితులున్నచో స్త్రీ అధికారియే మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొంది చేయవలయును. ఇది 43 వ సెక్షను. కుక్కకాటు కేసులలో సాధారణముగా అరెస్టునకు బదులు హాజరుకమ్మను నోటీసే యిత్తురు. నోటీసు ప్రకారము హాజరగుట మానరాదు.

మా సముదాయములో కుక్కలను పెంచువారిలో నమోదు పత్రము చూపగలిగినవారు సగముమంది కూడ లేరని మొన్నటి సభలో తేలినది. వచ్చు ఆదివారమున క్రింది యంతస్తు శాలలో నమోదునకును టీకాలకును ఏర్పాటు చేసిరి. పశువైద్యు డుదయము తొమ్మిది గంటలకు వచ్చును. వంటపని, పాచిపని చేయు స్త్రీలకును, కాపలావారికిని కాటుగాయమును కడుగు విధము చూపుటకై యొక నర్సమ్మను కూడ పిలిచినాము.